చెత్తబుట్టలో పిట్టలు

“నేను చెత్తబుట్ట ఖాళీ చేశాను, అంతే! మామయ్య పిట్టల జోలికి నేను వెళ్ళలేదత్తయ్యా!”

నిన్నటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు అన్నదో కోడలికే గుర్తులేదు. మొదట కోపంగా అంది. తర్వాత ఏడుస్తూ అంది. ఇప్పుడు అంటుంటే మాత్రం ఎవరో పరాయిమనిషి తరఫున సాక్ష్యం చెబుతున్నట్టుంది. తన మాట మీద తనకే గురి కుదరడం లేదు.

అత్తగారు కూరలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టారు. వాదనకి దిగే ముందు చేతిలో ఉన్నదేదైనా సరే పక్కన పెట్టడం ఆవిడకి అలవాటు. అలా పెట్టారంటే ఇంట్లోవాళ్ళు సర్దుకు కూర్చుంటారు.

“వంటింట్లో బుట్ట పొంగిపొర్లుతున్నా నీ కంటికి ఆనదు. కంప్యూటర్లో బుట్ట మాత్రం ఎవరూ చెప్పకుండానే ఖాళీ చేశావు. ఎంత శుభ్రం తల్లీ!”

“చోటు చాలడం లేదని అదే అడిగిందత్తయ్యా. నా అల్లికల వీడియో సగంలో ఆగిపోయింది. బుట్ట ఖాళీ చెయ్యమంటారా అంది. ఊఁ అన్నాను.”

“అది అడగ్గానే ఊఁ అనేస్తావా? రేపు ఇల్లు ఖాళీ చెయ్యమంటారా అంటే దానికీ ఊఁ అంటావా?”

భర్త కుర్చీలో కూర్చుని ఫోన్‌లోకి చూస్తున్నాడు. ఫోన్‌లో ఏమీ లేదు. తల ఎత్తితే తల్లివైపో భార్యవైపో చూడాలి, ఎటు చూసినా రెండోవాళ్ళు ఊరుకోరు. అందుకని పాపం నల్లటి అద్దంలో తన మొహమే తాను చూసుకుంటున్నాడు.

మామగారి గది తలుపు మూసి ఉంది. నిన్నటి నుంచి ఆయన కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలన్నా భార్య చేత అడిగించుకుంటున్నారు. అత్తగారి మాటలు ఎన్నైనా పడొచ్చు, అవి వానలాంటివి, కురిసి వెలుస్తాయి. ఆ మూసిన తలుపే కోడలి గుండెలో రాయిలా పడి ఉంది.

ఆయన ఉద్యోగం చేసింది లెక్కల మాస్టారుగా. బతికింది మాత్రం పిట్టలతో. తెల్లవారకముందే రికార్డరు భుజాన వేసుకుని సైకిలెక్కి, చెరువు గట్లూ గడ్డిమైదానాలూ పట్టుకుని తిరిగి, వయసంతా వాటి కూతలు పోగుచేశారు. వీధిలో అందరికీ ఆయన పిట్టల మాస్టారే. ఆయన దగ్గర చదివినవాళ్ళు లెక్కలు మరిచిపోయారు గానీ పిట్టల్ని మరిచిపోలేదు.

ఆ పిట్టలన్నీ ఒకే ఒక్క డిస్కులో ఉన్నాయి. రెండో కాపీ పెట్టుకోమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. “రెండోది ఉందని తెలిస్తే మొదటిదాన్ని ఎవడూ జాగ్రత్తగా చూసుకోడు,” అనేవారు. లెక్కల మాస్టార్లతో వాదించి గెలిచినవాడు లేడు.

ఎల్లుండి మ్యూజియం ఆవిడ వస్తుంది. ఆ కూతలన్నీ తీసుకెళ్ళి పదిలంగా దాచి, వినాలనుకున్నవాళ్ళందరికీ వినిపిస్తారట. ఆవిడ వచ్చేలోగా ఒకసారి సరిచూసుకుందామని మామగారు నిన్న డిస్కు తెరిస్తే కాకులున్నాయి, గుడ్లగూబలున్నాయి, కొంగలూ పావురాలూ అన్నీ క్షేమంగా ఉన్నాయి. సన్నగొంతు పిట్టలు మాత్రం ఒక్కటీ లేవు. ఆయన ప్రాణం పెట్టుకున్నది ఆ సన్నగొంతు పిట్టల మీదే. చిటికెన వేలంత ఉండి, ఆకుల మధ్య కంటికి కనబడకుండా కూసే వాటిని పట్టుకోవడానికే ఆయన సగం జీవితం అయిపోయింది.

ఎవరు తీశారంటే ఎవరూ తీయలేదు. నేను బుట్ట ఖాళీ చేశానని కోడలు నోరు జారింది. అంతే, దొంగ దొరికింది.

భర్త చేతిలో ఫోన్ మోగింది. పోయిన ఫైళ్ళు రప్పించమని డిస్కు ఇచ్చిన రికవరీ షాపు నుంచి.

“వచ్చాయట,” అన్నాడు అతను లేచి నిలబడి. “పిట్టలు వచ్చాయట. కానీ ఏదో చెప్పాలట, రమ్మంటున్నాడు.”

“నేనూ వస్తాను,” అంది కోడలు.

“వెళ్ళు వెళ్ళు,” అన్నారు అత్తగారు కత్తి మళ్ళీ అందుకుంటూ. “అక్కడా ఏదైనా బుట్ట ఉంటే ముట్టుకోకు.”

* * *

రికవరీ షాపు రెండు పెద్ద దుకాణాల మధ్య ఇరుక్కుని ఉంది. గోడ పొడవునా అరల్లో విప్పిన కంప్యూటర్లు, మూతలు తీసిన డిస్కులు, ఒక్కోదాని మీద ఒక్కో కస్టమరు పేరు అంటించిన కాగితం. కాలిన వైరు వాసన. షాపాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని టీ తాగుతున్నాడు.

“రండి రండి. ఏడ్చేవాళ్ళు ఈ పక్క కూర్చోండి, పోట్లాడుకునేవాళ్ళు ఆ పక్క. రెండూ చేసేవాళ్ళకి ఈ బల్ల సరిపోదు.”

ఎవరూ నవ్వలేదు. అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఈ డిస్కు మీద రికవరీ సాఫ్ట్‌వేర్ దించింది ఎవరు?”

భర్త నీళ్ళు నమిలాడు. “నేనే. నెట్‌లో చూసి దించాను. మా కంప్యూటర్లో చోటు లేదు. దీన్లో చూస్తే బోలెడు ఖాళీ కనిపించింది…”

“ఆ ఖాళీయే మీ నాన్నగారి పిట్టలండీ బాబూ!”

భర్త చెవులు ఎర్రబడ్డాయి. నిన్న రాత్రి తను ఇంట్లోవాళ్ళందరినీ పక్కకి నెట్టి “ఇది నాకొదిలెయ్యండి” అన్న వైనం అతనికి గుర్తొచ్చే ఉంటుంది. కోడలికి మాత్రం బాగా గుర్తుంది.

“తీసేసినా ఫైలు ఎక్కడికీ పోదు,” అన్నాడు షాపాయన. “గుమ్మం మీద నంబరు చెరిగిపోతుంది, అంతే. లోపలివాళ్ళు లోపలే ఉంటారు. ఆ ఇంట్లోకి ఇంకొకర్ని దింపితేనే ముప్పు. మీరు దింపారు. అదృష్టం బాగుంది, కొన్ని పిట్టలే పోయాయి. మిగతావన్నీ ఇక్కడున్నాయి, వినండి.”

అతను మీట నొక్కాడు. అరచేతిలో పట్టేంత స్పీకర్లు. మొదట గాలి సవ్వడి. తర్వాత ఆ గాలిలోంచి సన్నగా, పదునుగా, ఆగి ఆగి ఒక కూత.

“సూదిపిట్ట!” అంది కోడలు. అంటూనే ఆమె కళ్ళు నిండిపోయాయి.

ఆ పేరు మామగారు పెట్టిందే. పుస్తకాల్లో దానికి వేరే పేరేదో ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఈ ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గోడవారగా కూర్చునే రోజుల్లో, ఆయనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఈ కూత వినిపించారు. “మా ఇంట్లో వీటిని వినే ఓపిక ఎవరికీ లేదు తల్లీ. నీకుందేమో చూద్దాం,” అన్నారు. ఉంది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఆమెకో చోటు దొరికింది.

“అయితే పని అయిపోయినట్టేనా?” అన్నాడు భర్త.

“సగం అయింది. పేర్లు రాలేదు. సరుకు తీసుకొచ్చాను గానీ దాని మీద చీటీలు ఊడిపోయాయి. ఏది ఏ పిట్టో మీ నాన్నగారు విని చెప్పాలి. మొదట్లో ఆయన గొంతుతో పేరు చెప్పి రికార్డు చేసుంటే ఈ బాధ ఉండేది కాదు.”

“నాన్న ఒప్పుకోరు. రికార్డులో మనిషి దగ్గినా ఆయన దాన్ని పారేస్తారు. పేరు ఫైలు మీద ఉండాలి, లోపల పిట్టే ఉండాలి అంటారు.”

“మంచిదే. అయితే కూర్చుని వినమనండి.” షాపాయన కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదకి దించుకున్నాడు. గొంతు తగ్గించాడు. “ఇంకో సంగతుంది. చెప్పాలో వద్దో తెలియడం లేదు.”

“చెప్పండి,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“బుట్ట ఖాళీ చేసింది ఒక్కసారే. అది ఈ అమ్మగారు చేశారని మీరే చెప్పారు. బుట్ట ఒక్కటే కనిపిస్తుంది గానీ ప్రతి డిస్కుకీ లోపల ఓ బుట్ట ఉంటుంది. ఒకటి ఖాళీ చేస్తే అన్నీ ఖాళీ అవుతాయి. సరే, అది ఎవరైనా చేసే పొరపాటే. కానీ అసలు ఇవి బుట్టలోకి ఎలా వచ్చాయి? అది చూశాను. బుట్టలో పడ్డ ప్రతిదానికీ ఎప్పుడు పడిందో ఓ గుర్తు ఉంటుంది. వాటిలో పేర్ల భాగం మీ సాఫ్ట్‌వేర్ తినేసింది, తేదీల భాగం కొంత మిగిలింది. ఇవన్నీ ఒక్కరోజు పడ్డవి కావు. రోజుకి కొన్ని, అన్నీ మధ్యాహ్నం పూటే. ఎవరో తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటే ఏరి తీశారు.”

“చెయ్యి తగిలి…”

“చెయ్యి తగిలితే కాకులు కూడా పోవాలి కదండీ? ఒక్క కాకీ పోలేదు.” అతను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “నా అనుభవం చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇది పగతో చేసిన పని. మొగుడూ పెళ్ళాలు విడిపోయేప్పుడు పెళ్ళి ఫొటోలు ఇలాగే పోతాయి.”

కోడలికి ముందు గుండె తేలికపడింది. తను ఖాళీ మాత్రమే చేసింది, బుట్టలోకి తోసింది వేరేవాళ్ళు! ఆ తేలిక బల్ల మీంచి లేచేదాకా కూడా నిలవలేదు. తోసింది ఎవరు మరి?

* * *

బస్‌స్టాపులో ఇద్దరూ బల్లకి చెరో కొసన కూర్చున్నారు. మధ్యలో డిస్కు ఉన్న సంచీ.

“మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరుంటారు?” అన్నాడు భర్త ఎదురుగా వెళ్ళే బండ్ల వైపు చూస్తూ.

“మీరుండరు.”

“అమ్మకి మౌసు పట్టుకోవడం కూడా రాదు.”

“మామయ్య ఉంటారు.”

“ఆయన పిట్టల్ని ఆయనే చంపుకుంటారా? కాస్త బుర్రపెట్టి మాట్లాడు.”

“అయితే ఇక మిగిలింది నేనేగా. ఆ మాట నోరు తెరిచి అనండి.”

“నేనలా అన్లేదు.”

“అన్లేదు. అనకుండా ఎంత బాగా అన్నారో!”

బస్సొకటి వచ్చి ఆగి వెళ్ళిపోయింది. వాళ్ళదే. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

కోడలు తన చేతుల వైపు చూసుకుంది. మధ్యాహ్నం భోజనం చేసి, కునికిపాట్లు పడుతూ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని, పాత వీడియోలు ఏరి తీసేసిన రోజులు ఉన్నాయి. అప్పుడు నిద్రమత్తులో తన వాటితోపాటు ఆయనవి కూడా… ఒకరోజంటే అనుకోవచ్చు. ఇన్ని రోజులు, అదీ సన్నగొంతువి మాత్రమేనా? కాదు, కానే కాదు. అయినా అందరూ ఒకే మాట అంటుంటే మనిషికి తన చేతిమీద తనకే అనుమానం వస్తుంది.

“మామయ్యనే అడుగుదాం,” అంది. “కంప్యూటర్ దగ్గరికి ఎవరైనా రావడం చూశారా అని.”

“వద్దు! ఇంట్లోవాళ్ళే పగబట్టి తీశారంటే నాన్న తట్టుకోలేరు. షాపాయన చెప్పింది మన మధ్యే ఉండాలి.” గొంతు మార్చి, “నేనొకటి ఆలోచించాను. కోపం తెచ్చుకోకు. మ్యూజియం ఆవిడ వచ్చి వెళ్ళేదాకా నువ్వో నాలుగు రోజులు మీ అక్కావాళ్ళింట్లో ఉంటే…”

ఆమె సంచీని తనవైపు లాక్కుంది.

“నేను పంపించెయ్యడం లేదు. ఇంట్లో వేడి కాస్త చల్లారేదాకా. అంతే.”

ఆమెకి కోపం వస్తే బాగుండేది. వెళితే తప్పు ఒప్పుకున్నట్టు, ఉంటే సిగ్గులేనట్టు. ఎటు అడుగు వెయ్యాలో పాలుపోక సంచీ ఒళ్ళోకి తీసుకుని, తర్వాత వచ్చిన బస్సెక్కింది.

* * *

డిస్కు అందుకుని మామగారు కోడలి మొహం చూడలేదు. హెడ్‌ఫోన్స్ తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడింది. అత్తగారు అంట్లు కడుగుతున్నారు. ఆవిడ మీద అనుమానం తన మనసు అడుగున పడి ఉందని, అది తప్పని, అయినా పోవడం లేదని కోడలికి తెలుసు.

“అత్తయ్యా, మీరెప్పుడైనా ఆ కంప్యూటర్ మీద…”

మాట పూర్తికాలేదు. అత్తగారు చేతిలో గిన్నె పక్కన పెట్టారు.

“నేనా! నన్నా అడుగుతున్నావు?”

“ఊరికే అడిగానత్తయ్యా.”

“ఊరికే అడిగేవి ఇలా గుమ్మం పట్టుకుని అడగరు.” ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకున్నారు. “ఆ పిట్టలు నాకు సవతులే, కాదన్ను. వాటికోసం చీకటితోనే లేచిపోయే మొగుడితో కాపురం చేశాను. కానుపుకి నేను ఆసుపత్రిలో ఉంటే ఈయన చెరువుగట్టు మీద ఉన్నారు. వాటిని నాశనం చెయ్యాలనుకుంటే వయసులో ఉన్నప్పుడే చేసేదాన్ని, ఇంత ముసలితనం దాకా ఆగుతానా? ఆ డిస్కుని నీళ్ళ తొట్టిలో పడేస్తే పోయేది, దానికి చదువెందుకు?”

కోడలు ఎంత ఆలోచించినా ఆవిడ చెప్పింది నిజమే.

“పైగా తీసేదాన్నైతే కాకుల్ని తీసేదాన్ని, గుడ్లగూబల్ని తీసేదాన్ని. ఆ సన్నపిట్టల్ని నేనెందుకు తీస్తాను? ఆయన తెచ్చినవాటిలో కాస్త చెవికి హాయిగా ఉండేవి అవే.” ఆవిడ గిన్నె మళ్ళీ అందుకున్నారు. “నీ మీద అరుస్తున్నానంటే నాకేమీ సరదా కాదు. ఆయన అన్నం తినడం లేదు. ఎవరిమీదో ఒకరిమీద అరవాలి కదా.”

ఇన్నాళ్ళలో అత్తగారు తనతో చెప్పిన మాటల్లో ఇదే అన్నిటికన్నా దగ్గరి మాట అనిపించింది కోడలికి. అలాంటి మాట ఇలాంటి రోజున వినాల్సి వచ్చినందుకు బాధ కూడా వేసింది. ఆవిడ తీయలేదు. తను తీయలేదు. భర్త మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండడు. పిట్టలు వాటంతట అవే నడుచుకుంటూ వెళ్ళి బుట్టలో దూకాయా?

గది తలుపు తెరుచుకుంది. మామగారు చేతిలో హెడ్‌ఫోన్స్ పట్టుకుని బయటికొచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

“ఖాళీ డబ్బాలు,” అన్నారు కొడుకుతో. “నీ షాపువాడు ఖాళీ డబ్బాలు అంటగట్టాడు. ఒక్కదాంట్లోనూ పిట్ట లేదు.”

“అదేంటి నాన్నా! మేము అక్కడ విన్నాం.”

“ఏం విన్నావురా నువ్వు? నీకు కాకి కూతకీ కోయిల కూతకీ తేడా తెలీదు. అరడజను పైగా విన్నాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.”

భర్తకి ఒళ్ళు మండింది. షాపుకి ఫోన్ కలిపాడు. “ఏమండీ, మాకు వినిపించింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటా?” అంటూ హాలంతా తిరగడం మొదలుపెట్టాడు. అవతల్నుంచి షాపాయన ఒంటికాలి మీద లేస్తున్నట్టున్నాడు, ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. “మా కంప్యూటర్లో తేడానా? ఏం తేడా? కాకులు పలుకుతున్నాయిగా!”

కోడలు ఉండబట్టలేకపోయింది.

“నేను విన్నాను మామయ్యా. సూదిపిట్టే. పొరపాటు కాదు.”

మామగారు తిరిగి చూశారు. నిన్నటి నుంచి ఆయన తనని చూడడం ఇదే మొదలు. కోపంగా చూస్తారనుకుంది. కోపం లేదు. దారి తప్పినవాడు దారి అడగబోతూ ఆగినట్టున్నారు.

“విన్నావా?”

“విన్నాను.”

“అయితే రా. వినిపించు.” తప్పు లెక్క చేసిన పిల్లని బోర్డు దగ్గరికి పిలిచినట్టు పిలిచారు.

* * *

గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, దానికి అటూ ఇటూ పాత పెద్ద స్పీకర్లు. కోడలు హెడ్‌ఫోన్స్ వైరు లాగేసింది.

“ఇవి పాడయ్యాయేమో మామయ్యా. స్పీకర్లలో పెడతాను.”

తెర మీద పేర్లు లేని ఫైళ్ళు, ఒట్టి అంకెలతో వరసగా ఉన్నాయి. మొదటిది నొక్కింది.

గాలి. గాలిలోంచి సన్నని కూత. షాపులో విన్నదానికంటే ఎంతో స్పష్టంగా, కిటికీ అవతల కొమ్మ మీదే ఉన్నట్టు. కోడలికి ఇంత గందరగోళంలోనూ నవ్వొచ్చింది. గెలిచానన్నట్టు ఆయన వైపు తిరిగింది.

మామగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఊఁ. పెట్టు మరి.”

“పెట్టాను మామయ్యా.”

“ఏదీ?”

ఆమెకి అర్థం కాలేదు. ఆటపట్టిస్తున్నారా? ఇప్పుడు ఆయనది ఆటలాడే మొహం కాదు.

“పెంచు,” అన్నారు. పెంచింది. “ఇంకా పెంచు.” ఇంకా పెంచింది. కూత గది గోడలకి తగిలి గింగుర్లు తిరిగింది. మామగారు తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, చెరువుగట్టు మీద ఎలా నిలబడి వినేవారో అలా విన్నారు.

“గాలి,” అన్నారు. “గడ్డి ఊగుతోంది. దూరంగా ఏదో బండి. అంతే. చూశావా? పిట్టేదీ?”

కోడలు ఇంకొకటి నొక్కింది. అందులో ఒకటి కాదు, రెండు పిట్టలు ఒకదానికొకటి బదులిచ్చుకుంటున్నాయి.

“ఇదీ అంతే,” అన్నారాయన. “ఒట్టి గాలి.”

ఆమె చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. ఏదో పెద్దది దగ్గరికి వస్తోందని తెలుస్తోంది.

మామగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. స్వరం మెత్తబడింది. “నీ మీద నాకు కోపం లేదమ్మాయ్. నువ్వు కావాలని చెయ్యవని తెలుసు. మాట్లాడితే ఎక్కడ నీ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటానోనని మాట్లాడలేదు. ఇదిగో, ఈ ఖాళీవాటి గొడవ ఇప్పటిది కాదు. కొన్నాళ్ళ నుంచీ చూస్తున్నాను. డిస్కు ముసలిదైంది కదా, కొన్ని ఫైళ్ళలో గాలి మిగిలి పిట్ట ఎగిరిపోతోంది. మ్యూజియం వాళ్ళకి ఖాళీ డబ్బాలు ఇస్తే నా పరువేం కాను? అందుకే మధ్యాహ్నం పూట మీ అత్తయ్య పడుకున్నాక కూర్చుని, ఒక్కొక్కటీ విని, పలకనివన్నీ ఏరి పారేశాను.”

“మీరా?” అంది కోడలు.

“నేనే. పనికిరానివే పారేశాను. ఒక్కో పిట్టకీ రెండు మూడు రికార్డులు ఉంటాయి, మంచివి మిగిలే ఉంటాయిగా అనుకున్నాను. చూస్తే మంచివి కూడా పోయాయి. ఈ షాపువాడేమో నేను పారేసిన తుక్కంతా ఏరి మోసుకొచ్చాడు. నా అసలు పిట్టలేవి? అవి ఎవరు తీశారు? అదీ నాకు కావాల్సింది.”

ఫోన్ పట్టుకునే భర్త గుమ్మంలోకి వచ్చి ఆగాడు. తండ్రి మాటలు అతని చెవిన పడ్డాయి. ఫోన్‌లో షాపాయన ఇంకా ఏదో అరుస్తున్నాడు, వినేవాళ్ళు లేరు.

కోడలికి అర్థమైంది. అర్థం కాకపోతే ఎంత బాగుండేదో అనిపించింది. నిన్నటి నుంచి తన తప్పు లేదని తేల్చే మాట ఒక్కటి దొరికితే చాలనుకుంది. దొరికింది. అక్కావాళ్ళింటికి వెళ్ళక్కర్లేదు, ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు, ఆ ఒక్క మాట పైకి అంటే చాలు. అనడానికి నోరు తెరిచి, ఎదురుగా ఆ ముసలి మొహం చూసి, మూసేసింది. జీవితమంతా చెవులతో బతికిన మనిషికి ఆ మాట ఎలా చెబుతారు? ఎవరు చెబుతారు?

“అది కాదు మామయ్యా…” అంది. ఏది కాదో ఆమెకే తెలియలేదు.

“ఏంటి? ఇంకొకటి పెట్టు. ఇదీ చూద్దాం,” అంటూ ఆయనే చెయ్యి చాచి, తెర మీద మూడో ఫైలు వేలితో చూపించారు.

కోడలు నొక్కింది. తగ్గించాలని గుర్తురాలేదు. సూదిపిట్ట గొంతెత్తింది.

వంటింట్లోంచి అత్తగారు కేకేశారు. “అబ్బబ్బ! చెవులు చిల్లులు పడుతున్నాయి! ఎంత మంచి గొంతైతే మాత్రం అంత గట్టిగానా? ఆ పిట్టని కాస్త తగ్గించండీ!”

మామగారి వేలు తెర ముందే ఆగిపోయింది.

ఆయన వంటింటి వైపు చూశారు. గుమ్మంలో నిలబడిన కొడుకు వైపు చూశారు. కొడుకు చప్పున తల దించుకున్నాడు. అప్పుడు కోడలి వైపు తిరిగి, ఆమె కళ్ళలోకి చూస్తూ, ఎవరికీ వినపడకూడదన్నంత నెమ్మదిగా అడిగారు:

“అమ్మాయ్, అది ఇప్పుడు కూస్తోందా?”